ఆయన ఇట్టా నడవరురా!

గోడకి కట్టిన తెల్ల దుప్పటి. దాని మీద మా తాతయ్య. నేను పుట్టడానికి పదహారేళ్ల ముందే పోయిన మనిషి, పెళ్లి పందిరి కిందనుంచి నా వైపే నడిచి వస్తున్నారు. నాకు ఒళ్లు జలదరించింది. పక్కన కుర్చీలో నాయనమ్మ కళ్లజోడు సర్దుకుంది. కాసేపు చూసింది. ఒకే మాట అంది.

"ఆయన ఇట్టా నడవరురా."

పాత ఫిల్మ్ కదా నాయనమ్మా, ఇన్నేళ్లు అటక మీద పడుంది కదా అని ఏదో సర్దిచెప్పబోయాను.

"ఫిల్మ్ సంగతి నాకు తెలవదు. ఆయన నడక నాకు తెలుసు. ఆయన నడుస్తుంటే పక్కనోళ్లు పరిగెత్తాల్సొచ్చేది. ఇదేంది, బురదలో నడిచినట్టు!"

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. టెస్టింగ్ వాళ్లు బగ్ ఉందంటే మా నోట్లోంచి వచ్చే మొదటి మాట "నా సిస్టమ్‌లో బాగానే ఉందే" అని. ఆ రాత్రి దాదాపు అదే అన్నాను. మూడు రోజుల తర్వాత లెక్క తేలింది. నాయనమ్మ చెప్పింది అక్షరాలా నిజం. తెర మీద తాతయ్య, ఆరడుగులు వేయాల్సిన టైంలో ఐదడుగులే వేస్తున్నారు.

ఆ ఒక్క అడుగు ఎక్కడ పోయిందో వెతుక్కుంటూ వెళ్తే పాత హోమ్ మూవీ ప్రొజెక్టర్ లోపల ఏం జరుగుతుందో మొత్తం అర్థమైంది. ఇంజనీరింగ్ నాలుగేళ్లలో ఇంత శ్రద్ధగా నేను ఏ మెషీనూ చూళ్లేదు, ఒప్పుకుంటాను.

అటక మీది అమెరికా డబ్బా

మాది తెనాలి పక్కన పల్లె. మా తాతయ్య తమ్ముడు డాక్టర్. 1965లో అమెరికా వలస చట్టం మారాక అక్కడికి వెళ్లిన మన డాక్టర్ల తరంలో ఆయనొకరు. 1978లో మా పెద్దత్త పెళ్లికి వచ్చినప్పుడు చిన్నతాత చేతిలో ఒక సూపర్ 8 కెమెరా ఉందట. కొడాక్ కంపెనీ 1965లో తెచ్చిన పద్ధతి అది. ఫిల్మ్ వెడల్పు 8 మిల్లీమీటర్లు. ఒక్కో ఫ్రేము మీ చిటికెన వేలి గోరు కంటే చిన్నది. ఒక కార్ట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిల్మ్ ఉంటుంది. సెకనుకి 18 ఫ్రేముల చొప్పున తీస్తే మొత్తం 3600 ఫ్రేములు, 3 నిమిషాల 20 సెకన్లు. అంతే, రీలు అయిపోయినట్టే. మనం ఇప్పుడు ఫోన్లో బిర్యానీ ప్లేట్‌ని అంతకంటే ఎక్కువసేపు తీస్తాం.

మూడు రోజుల పెళ్లిని ఆయన ఎనిమిది రీళ్లలో తీశారు. అవి రివర్సల్ ఫిల్మ్‌లు. అంటే నెగెటివ్ ఉండదు. కెమెరాలో తిరిగిన ఫిల్మ్‌నే కడిగి, అదే ఫిల్మ్‌ని ప్రొజెక్టర్లో వేస్తారు. కాపీ లేదు, బ్యాకప్ లేదు. ఉన్నది ఒక్కటే.

ఆయన వాటిని అమెరికా తీసుకెళ్లి కడిగించి, మళ్లీ 1984లో ప్రొజెక్టర్‌తో సహా తెచ్చారు. ఈలోపు, 1981లో, తాతయ్య పోయారు. ఆ రాత్రి మా బాబాయిలంతా గోడకి పంచె కట్టి సినిమా చూశారట. నాయనమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదట. డబ్బా అటకెక్కింది.

పోయినేడు నాయనమ్మ రెండో కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. వారం తర్వాత హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోన్. "ఒరేయ్, ఇప్పుడు బాగా కనపడతాందిరా. ఆ అమెరికా డబ్బా దించుదామా?"

డిజిటైజ్ చేయించొచ్చుగా అని మీరు అంటారు. నేనూ అన్నాను. ఉన్న ఒక్క కాపీని కొరియర్‌లో పెట్టి ఎక్కడికో పంపడానికి మా నాన్న ఒప్పుకోలేదు. నాయనమ్మదైతే అసలు వేరే వాదన. ఆమెకి ఫోన్లో వద్దు, టీవీలో వద్దు. ఆ రోజు వాళ్లు చూసినట్టు గోడ మీదే కావాలి.

నల్ల జిగురు

వెనక మూత విప్పితే లోపల తారు కారినట్టు నల్లటి జిగురు. అది ఏంటో అర్థం కావడానికి పది నిమిషాలు పట్టింది. ఒకప్పుడు అవి బెల్టులు. నలభై ఏళ్లకి ఆ రబ్బరు కరిగి, పుల్లీలకి అంటుకుపోయింది. పాత టేప్ రికార్డర్ తెరిచిన వాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. చేతికి అంటితే సబ్బుకి పోదు, చొక్కాకి అంటితే ఆ చొక్కా ఇక ప్రొజెక్టర్ రిపేర్లకే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్స్‌తో రెండు పూటలు గీకాను.

మీ ఇంట్లో ఇలాంటిది దొరికితే ఒక్క మాట. ఆత్రంగా ప్లగ్గులో పెట్టకండి. లోపల గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది. మోటారు ఒక్కసారి గుంజితే ఏ ప్లాస్టిక్ పళ్లో విరిగిపోతాయి, ఆ విడిభాగం ఇప్పుడు ఎక్కడా దొరకదు. చాలా ప్రొజెక్టర్లకి పక్కన చేత్తో తిప్పే చిన్న గుండీ ఉంటుంది. ముందు పాత గ్రీజు తుడిచి, కొత్త నూనె చుక్కలు వేసి, ఆ గుండీని వేళ్లతో తిప్పాలి.

అలా తిప్పుతున్నప్పుడే నాకు అసలు సంగతి కనిపించింది.

మోటారు ఆగకుండా తిరుగుతుంది. అది దాని స్వభావం. కానీ ఫిల్మ్ ఆగాలి. సెకనుకి 18 సార్లు ఆగి, 18 సార్లు కదలాలి. ఫిల్మ్ ఆగకుండా జారిపోతే తెర మీద గీతలు తప్ప బొమ్మ కనపడదు. ఒక్కో ఫ్రేము దీపం ముందు కదలకుండా నిలబడాలి, వెలుగు దాని గుండా వెళ్లాలి, చీకటి పడాలి, ఆ చీకట్లో ఫిల్మ్ ఒక ఫ్రేము కిందికి జరగాలి, మళ్లీ వెలుగు రావాలి. ఆగని మోటారుతో ఆగి ఆగి నడిచే ఫిల్మ్‌ని నడిపించడం కోసమే ఆ డబ్బాలో మిగతా సామానంతా.

మా దాంట్లో అమరిక ఇది. మోటారు నుంచి ఒక బెల్టు ముఖ్యమైన ఇరుసుకి వెళ్తుంది. ఆ ఇరుసు ఒక చుట్టు తిరిగితే ఒక ఫ్రేము. అంటే నిమిషానికి 1080 చుట్లు తిరగాలి. ఇరుసు మీద రెండు వస్తువులు బిగించి ఉన్నాయి. ఒకటి క్యామ్, అంటే నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకి ఇరుసు గుచ్చిన చక్రం. రెండోది షట్టర్, ఫ్యాన్ రెక్కల్లాంటిది.

క్యామ్ తిరుగుతుంటే దాన్ని పట్టుకున్న చిన్న ఉక్కు గోరు కదులుతుంది. దీన్ని క్లా అంటారు. ఫిల్మ్ అంచున ఫ్రేముకొక చిల్లు ఉంటుంది. గోరు ముందుకొచ్చి చిల్లులో దూరుతుంది, ఫిల్మ్‌ని 4.23 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది, వెనక్కి తప్పుకుంటుంది, ఖాళీగా పైకి వెళ్తుంది. మళ్లీ దూరుతుంది. దూరు, లాగు, తప్పుకో, ఎక్కు.

ఇది నాయనమ్మకి చూపించి ఎలా వివరించాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె రెండుసార్లు గుండీ తిప్పి చూసి, "ఇది మన కుట్టుమిషనేగా" అంది.

నిజమే. సూది కింద గుడ్డని ముందుకి తోసే పళ్లు గుర్తున్నాయా? పైకి లేస్తాయి, గుడ్డని ముందుకి జరుపుతాయి, కిందికి దిగుతాయి, ఖాళీగా వెనక్కి వస్తాయి. సూది గుడ్డలో ఉన్నంతసేపూ గుడ్డ కదలదు. ఇక్కడ సూది స్థానంలో వెలుగు, అంతే. 1895లో లూమియర్ సోదరులు సినిమాటోగ్రాఫ్ తయారు చేసినప్పుడు ఫిల్మ్‌ని ఆపి ఆపి నడపడం ఎలాగో తేలక తంటాలు పడ్డారు. చివరికి కుట్టుమిషన్ నుంచే ఆ ఆలోచన వచ్చిందని లూయీ లూమియర్ తర్వాత చెప్పుకున్నాడు. యాభై ఏళ్లు జాకెట్లు కుట్టిన మా నాయనమ్మకి అది అర నిమిషంలో తట్టింది.

ఇక షట్టర్. గోరు ఫిల్మ్‌ని లాగే క్షణంలో ఒక రెక్క వచ్చి వెలుగుకి అడ్డం పడుతుంది. మరి మిగతా రెండు రెక్కలు ఎందుకు? సెకనుకి 18 సార్లు మాత్రమే వెలిగి ఆరితే పాడైపోయిన ట్యూబ్‌లైట్‌లా కళ్లు పీకుతాయి. అందుకని ఒకే ఫ్రేముని మూడుసార్లు చూపిస్తారు. 18 మూళ్లు 54. సెకనుకి 54 సార్లంటే కంటికి దాదాపు ఆగని వెలుగే. థియేటర్లో 24 ఫ్రేములు కాబట్టి రెండు రెక్కలు సరిపోయేవి, 48 సార్లు.

ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, గోరుకీ రెక్కకీ మధ్య ఏ సిగ్నలూ అక్కర్లేదు. రెండూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి కాబట్టి ఒకటి ముందు, ఒకటి వెనక అయ్యే అవకాశమే లేదు. ఒకే టైంలో రెండు ప్రోగ్రాములు ఒకదాని పని ఒకటి చెడగొట్టకుండా చూడటానికి మేం ఎన్ని తాళాలు రాస్తామో! ఇక్కడ ఒక్క స్క్రూ. ఆ స్క్రూ వదులై రెక్క కొంచెం పక్కకి జరిగితే మాత్రం ఫిల్మ్ కదలడం తెర మీద కనపడిపోతుంది. అక్షరాల కిందా పైనా తెల్లటి చారలు వస్తాయి. వాటిని కూడా ఘోస్ట్ అనే అంటారట. ఇది నాకు చెప్పింది ఆపరేటర్ తాత.

లూపు పోయిందబ్బాయ్

మా వీధి చివర ఉంటారాయన. కుర్రతనంలో టూరింగ్ టాకీసులో చేరి, తర్వాత తెనాలిలో సినిమా హాళ్లలో ముప్ఫై ఏళ్లు ఆపరేటర్‌గా చేశారు. మా డబ్బాని చూసి ముందు నవ్వారు. "బొమ్మల కొలువులో పెట్టుకునేదా?" అన్నారు. తర్వాత రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవారు.

ఆయన వాడిన 35 ఎంఎం మెషీన్లలో గోరు ఉండదు. మాల్టీస్ క్రాస్ అని నాలుగు గాడుల చక్రం ఉంటుంది. ఆగకుండా తిరిగే ఇంకో చక్రానికి ఒక మేకు ఉంటుంది. అది చుట్టుకొక్కసారి గాడిలో దూరి క్రాస్‌ని పావు చుట్టు తిప్పి వెళ్లిపోతుంది. మిగతా ముప్పావు భాగం క్రాస్ కదలదు. క్రాస్ ఇరుసుకి 16 పళ్ల చక్రం. పావు చుట్టుకి 4 పళ్లు, 4 చిల్లులు, ఒక ఫ్రేము. నూనె తొట్టిలో మునిగి ఉండే ఈ అమరిక రోజుకి నాలుగాటల చొప్పున ఏళ్ల తరబడి పని చేసేది. ఇంట్లో వారానికోసారి వేసుకునే మెషీన్‌కి అంత ఖర్చు ఎందుకని గోరుతో సరిపెట్టారు. గోరు తేలిక, చవక. కాకపోతే ఒకే చిల్లుని పట్టుకుని లాగుతుంది కాబట్టి చిల్లు చిరిగితే కష్టం. ఆ కష్టం నాకే వచ్చింది.

బెల్టులు దొరకడం పెద్ద పని కాలేదు. దారంతో పుల్లీల చుట్టూ కొలిచి, పదో వంతు తగ్గించి, ఆ సైజు ఓ-రింగులు కొన్నాను. టేప్ రికార్డర్లు బాగుచేసే పాత కొట్టులో ఒక బెల్టు, బేరింగుల షాపులో రెండు. మొత్తం కలిపి ఒక పిజ్జా ఖరీదు కాలేదు. బిగుతుగా ఉంటే మంచిదని మొదట మరీ చిన్నది వేశాను, మోటారు మూలిగింది. మార్చాను.

ఖాళీ ఫిల్మ్ ముక్క వేసి చూశాం, నడిచింది. ఆపరేటర్ తాత ఇంకో రెండు రోజులు ఖాళీ ఫిల్మే తిప్పమన్నారు. నేను ఆగలేదు. ఆయన వెళ్లాక మూడో రీలు ఎక్కించాను.

నిమిషంన్నర బాగానే ఉంది. మేళగాళ్లు, అరుగు మీద పేకాట, మా నాన్న ఎనిమిదేళ్ల పిల్లాడిగా కెమెరాకి నాలుక చూపించడం. తర్వాత తాతయ్య వచ్చారు. రెండడుగులు వేశారు. టకటకమని చప్పుడు, బొమ్మ కిందా మీదా అయి ఆగిపోయింది. ఏం జరిగిందో నేను చూసేలోపే తాతయ్య భుజం దగ్గర గోధుమ రంగు చుక్క పుట్టింది. పాల మీద మీగడ ముడతపడ్డట్టు ముడతపడి, బుడగలా ఉబ్బి, తెర నిండా తెల్లగా పరుచుకుంది.

స్విచ్ నొక్కాను. ప్లాస్టిక్ కాలిన వాసన. దేవుడి దయ, హోమ్ మూవీ ఫిల్మ్‌లు సేఫ్టీ ఫిల్మ్‌లు, పాత థియేటర్ నైట్రేట్ ఫిల్మ్‌లా భగ్గుమనవు. కరుగుతాయి. దీపం ముందు ఫ్రేము సెకనులో పద్దెనిమిదో వంతు మాత్రమే ఉంటుందన్న నమ్మకంతోనే అంత వేడి దీపం పెడతారు. ఆగితే అంతే.

మొత్తం ఎనిమిది రీళ్లలో తాతయ్య కనపడేది ఆ ఒక్క చోటే. తర్వాత లెక్కపెట్టాను. 17 సెకన్లు, 306 ఫ్రేములు. నా వల్ల 305 అయ్యాయి.

మర్నాడు ఆపరేటర్ తాతకి చెప్పడానికి నోరు రాలేదు. ఆయన ఫిల్మ్ చూసి ఆయనే చెప్పారు. "లూపు పోయిందబ్బాయ్."

లూపు అంటే ఇది. గేటుకి పైన ఒక పళ్ల చక్రం ఉంటుంది. అది ఫిల్మ్‌ని రీలు నుంచి ఆగకుండా లాగుతుంది. దీనికి 12 పళ్లు. ఇరుసు 12 చుట్లు తిరిగితే ఇది ఒక చుట్టు తిరిగేలా మరచుట్ల గేరు కలిపారు. దాని కింద ఉన్న గోరు మాత్రం ఫిల్మ్‌ని జెర్కులు జెర్కులుగా లాగుతుంది. ఒకటి సాఫీగా ఇస్తుంది, ఇంకోటి గుంజుకుంటుంది. రెండిటి మధ్యా ఫిల్మ్ బిగుతుగా ఉంటే మొదటి గుంజుకే తెగుతుంది. అందుకని మధ్యలో కొంచెం ఫిల్మ్‌ని వదులుగా, ఉంగరంలా వంచి వదిలేస్తారు. గోరు లాగినప్పుడు ఆ వంపు తగ్గుతుంది, గోరు పైకెళ్లేలోపు పళ్ల చక్రం మళ్లీ నింపుతుంది. మేం బఫర్ అనేది ఇదే. వీడియో ఆగకుండా ఆడటానికి మీ ఫోన్ ముందుగా కొంచెం తెచ్చి పెట్టుకుంటుంది చూడండి, అలాంటిది. 1895లో అమెరికాలో లాథమ్ అనే తండ్రీకొడుకులు సినిమా మెషీన్ మీద పని చేస్తున్నప్పుడు వాడుకలోకి వచ్చింది, ఇప్పటికీ లాథమ్ లూప్ అనే పేరు. గేటు కింద కూడా ఇలాంటిదే ఇంకోటి ఉంటుంది.

మా ఫిల్మ్‌లో ఒక చిల్లు చిరిగి ఉంది. గోరుకి పట్టు దొరకలేదు. గోరు కిందికి లాగకపోతే పైన చక్రం ఇస్తున్న ఫిల్మ్ పోగుపడుతుంది, కింద వంపు చూస్తుండగానే తరిగిపోతుంది. ఆ వంపు పోయిందంటే ఫిల్మ్ బిర్రుగా బిగుసుకుంటుంది. ఇక గోరు ఎంత కొట్టుకున్నా చిల్లులో పడదు. నేను విన్న టకటక అదే. ఆ చప్పుడు వినగానే ముందు దీపం ఆర్పాలి, తర్వాత మోటారు. నేను మోటారు స్విచ్ వెతుక్కున్నాను. "మేం చెవులతో పని చేసేవాళ్లం, మీరు కళ్లతో చేస్తారు" అన్నారాయన. తిట్టారో ఊరుకోబెట్టారో తెలియలేదు.

చిల్లు చిరిగిన చోట సన్నటి స్ప్లైసింగ్ టేపు అంటించి, కాలిన ఫ్రేము కత్తిరించి అతికించాం. ఆ ఫ్రేము ముక్క నా పర్సులో ఉంది.

240ని 16తో భాగిస్తే

ఆ తర్వాత వచ్చిన ఆదివారం రాత్రే నాయనమ్మ ముందు మొదటి ఆట, ఆ మాట.

నడక తప్పని ఎలా తేల్చాలి? మన జేబులోనే పరికరం ఉంది. ఫోన్ స్లో మోషన్ సెకనుకి 240 ఫ్రేములు తీస్తుంది. మూత తీసి, దీపం వేయకుండా ఖాళీ ఫిల్మ్ నడుపుతూ గోరుని తీశాను. తర్వాత ఒక్కో ఫ్రేము జరుపుతూ లెక్కపెట్టాను. గోరు ఒక చుట్టు పూర్తి చేయడానికి 16 ఫ్రేములు పడుతోంది. (అందులో ఫిల్మ్ కదిలేది 3 ఫ్రేముల్లోనే. మిగతా 13 కదలకుండా నిలబడి ఉంటుంది. చూసి తీరాల్సిన దృశ్యం.) 18 వేగమైతే 13 కొద్దిగా పైన రావాలి. 240ని 16తో భాగిస్తే 15.

సెకనుకి 18 కాదు, 15. ఆరింట ఐదు వంతులు. 17 సెకన్ల తాతయ్య తెర మీద 20 సెకన్లు దాటి ఉంటున్నారు. 15 మూళ్లు 45 కాబట్టి తెర కూడా మిణుకుమిణుకుమంటోంది. నాకు కళ్లు లాగుతున్నా పాత మెషీన్ ఇంతేనేమో అనుకున్నాను.

15కీ 18కీ ఉన్న నిష్పత్తి చూడగానే తల కొట్టుకున్నాను. 50కీ 60కీ ఉన్నదీ అదే. అమెరికాలో ఇళ్లకొచ్చే కరెంటు 110 నుంచి 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 1984లో చిన్నతాత ఇటుకంత బరువున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా తెచ్చారు, నేనూ దాన్నే వాడాను. అది వోల్టేజి మారుస్తుంది. హెర్ట్జ్ దాని చేతుల్లో లేదు. ఈ ప్రొజెక్టర్‌లో ఉన్నది ఇండక్షన్ మోటారు. మన టేబుల్ ఫ్యాన్‌లో ఉండే రకం. అది ఎంత వేగంగా తిరగాలన్నది ముఖ్యంగా కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. 60 చోట 50 ఇస్తే ఆ మేరకి నెమ్మదిస్తుంది. పైగా వేడెక్కుతుంది కూడా. రెండో సెమిస్టర్ బేసిక్ ఎలక్ట్రికల్స్‌లో ఇదంతా చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను.

అంటే 1984లో పంచె మీద చూసిన వాళ్లు కూడా నెమ్మది తాతయ్యనే చూశారు. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోగలిగిన ఒక్క మనిషీ ఆ రోజు వంటింట్లో ఉంది.

తయారీదారులకి ఈ సంగతి తెలియక కాదు. చాలా ప్రొజెక్టర్లలో మోటారు పుల్లీకి రెండు మెట్లు ఉంటాయి, ఒకటి 50కి, ఒకటి 60కి. దేశం మారితే బెల్టు పక్క మెట్టుకి మార్చుకోవడమే. మా దాంట్లో ఒకే గాడి. అమెరికా దాటదనుకున్నారేమో.

కాబట్టి మోటారు పుల్లీని 1.2 రెట్లు పెద్దది చేయాలి. గాడి దగ్గర వెర్నియర్‌తో కొలిస్తే 10 మిల్లీమీటర్లు. 12 చేయిస్తే సరి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్లి, ఇత్తడితో 12 మిల్లీమీటర్ల పుల్లీ చేయించాను. ఇంత చిన్న పనికి ఇంత దూరం వచ్చారా అని ఆయన టీ కూడా ఇప్పించారు. ఇంటికొచ్చి బిగించి, ఫోన్‌తో తీశాను. 17.3.

రాత్రంతా బుర్ర గోక్కున్నాను. బెల్టు జారుతోందేమో అనుకున్నాను, కాదు. నేను మర్చిపోయింది బెల్టు మందం. 3 మిల్లీమీటర్ల గుండ్రటి బెల్టు గాడిలో కూర్చున్నప్పుడు లెక్కలోకి వచ్చేది గాడి అడుగు కాదు, బెల్టు నడిమధ్య. అంటే పాతది 10 కాదు, 13. కొత్తది 12 కాదు, 15. 13కి 1.2 రెట్లు 15.6. అందులోంచి బెల్టు మందం 3 తీసేస్తే గాడి 12.6 ఉండాలి. ఆరు పదో వంతుల మిల్లీమీటరు తేడా. మళ్లీ ఆటోనగర్. ఈసారి టీ నేను ఇప్పించాను.

ఇక చివరి చిక్కు కింది రీలు. ఖాళీగా ఉన్నప్పుడు గబగబా తిరగాలి, ఫిల్మ్ చుట్టుకుని లావయ్యేకొద్దీ నెమ్మదించాలి. ఎందుకంటే ఫిల్మ్ వచ్చేది మాత్రం ఎప్పుడూ ఒకటే వేగం, సెకనుకి 7.6 సెంటీమీటర్లు. దీనికి ఏ కంప్యూటరూ లేదు. బెల్టు రీలుని అవసరమైన దానికంటే ఎక్కువ వేగంతో తిప్పాలని చూస్తుంది. మధ్యలో ఫెల్ట్ బిళ్ల ఒకటి ఒరుసుకుంటూ జారుతుంది. ఫిల్మ్ ఎంత వదిలితే రీలు అంత తిరుగుతుంది, మిగతాది ఆ ఫెల్ట్ మింగేస్తుంది. మా దాంట్లో ఆ బిళ్ల నూనె పీల్చి ఊరికే జారిపోతోంది, ఫిల్మ్ నేల మీద పడుతోంది. నాయనమ్మ తన పాత ఉన్ని శాలువా అంచు కత్తిరించి ఇచ్చింది. బాగా పని చేస్తోంది.

రెండో ఆట

పోయిన నెల రెండో శనివారం. పెద్దత్త కూడా వచ్చింది, 1978 నాటి పెళ్లికూతురు. ఆపరేటర్ తాత ప్రొజెక్టర్ పక్కన, చెయ్యి దీపం స్విచ్ మీద. ఫోన్ లెక్క 13 ఫ్రేముల పైన కొద్దిగా. తెర మిణుకుమనడం తగ్గింది.

మేళగాళ్లు. పేకాట. నాలుక చూపించే నాన్న. తర్వాత పందిరి కిందనుంచి ఆయన. పంచె కుచ్చెళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుని, ఎవరినో కేకేస్తూ, పెద్ద పెద్ద అంగలతో వచ్చేస్తున్నారు. వెనక ఒకతను నిజంగానే పరిగెత్తుతున్నాడు. పోయినసారి అతను కూడా నడుస్తున్నాడనే అనుకున్నాను. అతికించిన చోట తాతయ్య కొంచెం ఎగిరిపడ్డారు. నేను తప్ప ఎవరూ గమనించలేదు.

నాయనమ్మ ఏమీ అనలేదు. బొమ్మ అటు తిరిగి వెళ్లిపోతుండగా చెయ్యెత్తి, "ఆపరా, ఒక్కసారి అక్కడ ఆపు" అంది.

"ఆపితే కాలిపోద్ది నాయనమ్మా."

కాసేపు ఆలోచించింది.

"అయితే ఆపమాకు. మళ్లీ మొదట్నించి వెయ్యి."

నాలుగుసార్లు వేశాం. ఐదోసారికి మోటారు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. రేపు వేస్తానని చెప్పి ఒప్పించాను. వేడెక్కని ఎల్‌ఈడీ దీపం పెడితే ఫ్రేముని ఎంతసేపైనా ఆపి చూడొచ్చు, విదేశాల్లో చాలామంది పెడుతున్నారు. ఆ రాత్రే ఆర్డర్ చేశాను.